రాజుగారిని నేను నువ్వనే అన్నాను

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా తమ్ముడు రాజయ్యాడు. టైము ఇంత కచ్చితంగా ఎందుకు తెలుసంటే వాడి పెళ్ళాం, మా మరదలు, నోటు పుస్తకంలో రాసి పెట్టింది. వాళ్ళ చర్చిలో పిల్లలకు ఆదివారం బడి నడిపే మనిషి. ఏం జరిగినా టైము వేసి రాయడం ఆమె అలవాటు. పట్టాభిషేకం బొబ్బిలిలో మా ఇంటి వరండాలో, ఒక చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో జరిగింది. హాజరైన ప్రజలం ముగ్గురం. అందులో ఒకరు, అంటే మా ఆయన, అప్పటికే భోజనం చేసి కునుకు తీస్తున్నారు.

ఇది ఒక ఆట. మా తమ్ముడు ఇంటర్నెట్‌లో ఎక్కడో పట్టుకుని, ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంలోది. అందులో, ఎక్కడా లేని దేశం ఒకటి ఉంటుంది. ఒకరు కథ చెబుతారు. "నువ్వు అడవిలో ఉన్నావు, ఎదురుగా వాగు ఉంది, ఏం చేస్తావు?" అని అడుగుతారు. మిగతావాళ్ళు సైనికుడో దొంగో మంత్రగాడో అయి, ఏం చేస్తారో చెప్పాలి. చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక బొబ్బిలి బజారులో దొరకలేదు. వీణలు దొరుకుతాయి. అందుకని మరదలు పాత క్యాలెండరు కత్తిరించి, ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి, స్టీలు గ్లాసులో వేసింది.

కథ చెప్పేది మరదలు. తమ్ముడు సైనికుడు. మా ఆయన దొంగ. "నాకు కత్తీ గిత్తీ వద్దు. దొంగైతే కూసున్న కాడే పనయిపోతాది" అని ఎంచుకున్నారు. ఆయన వరి పండించే మనిషి. కూర్చున్న చోట అయ్యే పని ఆయనకు ఆటలోనే దొరికింది. నేను రుషిని. రుషి ఎందుకని ఎవరూ అడగలేదు. తెలుగు పంతులమ్మ ఇంకేం అవుతుందనుకుని ఉంటారు.

ఆ పుస్తకంలో సైనికుడు కొన్ని మెట్లు ఎక్కాక కోట గెలిచి రాజు కావచ్చు. మా తమ్ముడు మొదటి రోజు నుంచీ దాని మీదే ఉన్నాడు. గాలిలో ఎగిరే మంత్రగాడు కావచ్చు, నిప్పులు కురిపించవచ్చు, చచ్చినవాళ్ళతో మాట్లాడవచ్చు. రాజైతే తీర్పులు చెప్పాలి, ధాన్యం లెక్క చూడాలి, ఫిర్యాదులు వినాలి. అయినా ఆడేవాళ్ళందరికీ రాజవ్వాలనే ఉంటుందట. ప్రపంచమంతా అంతేనని, ఆ ఆట గురించి ఇంటర్నెట్‌లో రాసుకునేవాళ్ళను చదివి వాడు చెప్పాడు. నేను ఆశ్చర్యపోలేదు. మా జిల్లాలో రాజులు పోయి చాలా కాలమైంది గాని, రాజుగారి దివాణంలో పనిచేసిన తాత లేని ఇల్లు ఇప్పటికీ లేదు. ఆ తాతలందరూ నిజంగా కోటలోనే ఉంటే పొలాల్లో ఎవరున్నారో ఎవరూ చెప్పరు. మా తాతగారు రాజుగారి గుర్రాలకు గడ్డి మోశారు. మా నాన్నగారు ఆ కథ చెప్పినప్పుడల్లా గడ్డి దాకా రాకుండా గుర్రాల దగ్గరే ఆగిపోయేవారు.

తమ్ముడికి రాజ్యం ఎందుకు కావాలో నాకు తెలుసు. వాడు గజపతినగరం వైపు ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటరు. అవుట్‌సోర్సింగ్. అంటే పని లోపల, మనిషి బయట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడు టైపు చేసే మాటల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది "గారు". ఫలానా గారికి, ఫలానా గారి ద్వారా, ఫలానా గారి ఉత్తర్వుల మేరకు. బయట తాటాకు పందిరి కింద అర్జీలు రాసే ముసలాయన ఒకరుండేవారు. అధికారి ఎవరైనా సరే, "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి "దివ్యసముఖమునకు" అని ముగించేవారు. రాజ్యాలు పోయాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకున్న అధికారులు కూడా చెప్పలేదు.

మా తమ్ముణ్ణి మాత్రం అక్కడ అటెండరు దగ్గర్నుంచి అందరూ "ఒరే కంప్యూటరూ" అనేవారు. అప్పటికి వాడికి ముప్పై ఆరేళ్ళు. ఇంట్లో నేను ఒరే అనేదాన్ని, మా ఆయన ఒరే అనేవారు. మా ఇంట్లో ఒరే అనిపించుకునేవాడు వాడొక్కడే. మాకు పిల్లలు లేరు. మరదలు, వాడు డిగ్రీలో క్లాసుమేట్లు, పెళ్ళయ్యాక కూడా నువ్వు అనే అనుకునేవారు. లెక్క చూస్తే, ముప్పై ఆరేళ్ళలో వాణ్ణి మీరు అన్న మనిషి ఒక్కరూ లేరు. ఒరే అనడంలో ప్రేముంది అంటారు మా వైపు. ఆ మాట అనేవాళ్ళే అంటారు. అనిపించుకునేవాళ్ళను అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

ఆ ఆదివారం చీటీలో పదిహేడు దాటితే కోట వాడిది. చీటీ తీశాడు. పద్దెనిమిది. మరదలు టైము రాసింది. వాడు విరిగిన కుర్చీలో సర్దుకు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మొదటి శాసనం రాయి."

"రాస్తన్నాను, సెప్పు" అంది మరదలు.

"నా రాజ్యంలో ఎవులూ ఎవుల్నీ ఒరే, ఒసే అనకూడదు. అందరూ అందర్నీ మీరనాల."

మా ఆయన ఒక కన్ను తెరిచారు. "గొర్రెల్నేటనాల?"

"గొర్రెల్నీ మీరే అనాల, బావా."

"కుక్క కరవడానికొస్తే?"

"తమరు కాస్త దూరం జరగండి అనాల."

"ఒరే, నీ రాజ్యం తగలెయ్యా..."

"సూశారా, ఒరే అన్నారు! శిక్ష!" అని తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. ఆ కంగారులో దాని రెండో చెయ్యి కూడా ఊగింది.

మరదలు గ్లాసు ముందుకు తోసింది. "అన్నయ్యా, సీటీ తియ్యండి. అయిదు లోపొస్తే సెరసాల."

మా ఆయనకు మూడు వచ్చింది. చెరసాల అంటే వరండా చివర, చెప్పులు విడిచే చోటు. కాసేపు అక్కడ నిలబడి ఆయన లొంగిపోయారు. లొంగిపోయాక ఆ శాసనం ఆయనకు నచ్చింది కూడా. నా వైపు తిరిగి, "ఏవండీ, మీరు కాస్త టీ పెడతారేటండీ?" అన్నారు.

పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. అన్నాళ్ళూ నేను ఆయన్ని మీరంటూనే ఉన్నాను. అవతలి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు దగ్గర నిలబడ్డాను. పాలు పొంగి పోయాయి.

టీ తెచ్చేసరికి రాజుగారు నా కోసం చూస్తున్నారు. "మునీశ్వరా, మీరేటి సెలవిస్తారు?"

"రాజా, నీవు ధర్మం తప్పకుము" అన్నాను.

"నీవు కాదక్కా. మీరు."

"రుషులు రాజుల్ని నీవనే అంటారు. పురాణాలు తియ్యి, సూసుకో."

వాడు పెళ్ళాం వైపు చూశాడు. మరదలు ఆ ఇంగ్లీషు పుస్తకం అటూ ఇటూ తిప్పింది. అందులో కత్తి దెబ్బలకు పట్టికలున్నాయి, తెలుగు సర్వనామాలకు లేవు. "రుషికి శాసనం వర్తించదు" అని రాసుకుంది. మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు.

నేను అప్పటికి ఇరవై ఏళ్ళుగా బడిలో గౌరవార్థక బహువచనం పాఠం చెబుతున్నాను. ఒక్కరే అయినా గౌరవం కోసం బహువచనం వాడతాం, ఉదాహరణకు, రాజుగారు వచ్చారు. పిల్లలు రాసుకునేవారు. రుషికి ఆ వెసులుబాటు ఉంటుందని ఎంచుకున్న రోజే నాకు తెలుసు. ఎత్తుకుని తిప్పినవాణ్ణి, ముక్కు తుడిచినవాణ్ణి మీరు అనడం నా వల్ల కాదనుకున్నాను. ఆటకు కూడా కాదనుకున్నాను. ఆటకు కాబట్టే అనవచ్చని అంత చదువు చదివీ నాకు తోచలేదు.

ఆ తర్వాత ఆదివారాలు రాజ్యం నడిచింది. గజపతినగరంలో చర్చి అయ్యాక ఇద్దరూ మోటారు సైకిల్ మీద వచ్చేవారు. తినేసి, చాప పరిచి, గ్లాసు తీసేవాళ్ళం. వాడు యుద్ధం చెయ్యలేదు. పక్క రాజ్యం వాళ్ళు వచ్చి తిట్టినా చెయ్యలేదు. వాడికి ఇష్టమైన పని ఒకటే, ఫిర్యాదులు వినడం. మరదలు గొంతు మార్చి గట్టు తగాదా ముసలమ్మ అయ్యేది, ఎద్దు పోయిన రైతు అయ్యేది. వాడు ప్రతి ఒక్కరికీ మొదట ఒకే మాట అనేవాడు. "కూసోండి."

వాడి కార్యాలయంలో అర్జీదారులు నిలబడతారు. వాడు కూర్చుని టైపు చేస్తూ రోజంతా చూసేది అదే. అందుకని రాజ్యంలో నిజంగా కుర్చీ వెయ్యాలన్నాడు. మా ఇంట్లో ఉన్నవి నాలుగు కుర్చీలు. లేని ముసలమ్మకు ఒకటి వేస్తే ఉన్న మా ఆయన చాప మీదకు దిగేవారు.

"మహారాజా, కనపడని మనుసులు కుర్సీల్లో, కనపడే మనుసులు కిందానా?"

"తమరు దొంగలు కదండీ బావగారూ."

"దొంగకి నడుం నొప్పుండదేటండీ?" అని ఆయన గోడకు జారబడేవారు. ఇంకో రోజు, "తమరి రాజ్యంలో ఇమానాశ్రయం గాని కడతారేటి? భోగాపురంలో కడతారంతన్నారు. నా పొలం మాత్రం అడక్కండి, తమరి కాళ్ళట్టుకుంతాను" అన్నారు. రాజుగారు నవ్వి నవ్వి దగ్గారు.

ప్రతి ఆదివారం ఆట ముగిసే ముందు వాడు నా వైపు తిరిగేవాడు. "మునీశ్వరా, మీరేటి సెలవిస్తారు?" నేను "రాజా, నీవు" అని మొదలుపెట్టేదాన్ని. వాడు వేళ్ళు లెక్కపెడుతూ వినేవాడు, ఎక్కడైనా ఒక "మీరు" జారుతుందేమోనని. నేను జారనివ్వలేదు. నాకు వ్యాకరణం మీద పట్టుంది. ఒకసారి చాప మడుస్తూ వాడు మామూలు గొంతుతో అడిగాడు.

"ఒక్క పాలి అనకూడదేటి అక్కా? ఆటలోనే కదా."

"నీకిప్పుడు అంత గౌరవమెందుకురా? ఆఫీసరువేటి?"

"కాదు. అందుకే అడుగుతన్నాను."

చాప మూలన పెట్టి వెళ్ళిపోయాడు. నేను గ్లాసులో చీటీలు సరిగ్గా ఇరవై ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాను.

వర్షాలు తగ్గాక వాడికి కామెర్లు వచ్చాయి. మొదట పసరు మందు అన్నారు, తర్వాత విజయనగరం ఆసుపత్రి అన్నారు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మంచం మీద పడుకుని ఉన్నాడు. కళ్ళు పసుపు. డ్యూటీ డాక్టరు వాడి కంటే పదేళ్ళు చిన్నవాడు, "ఏం బాబూ, నాలిక సూపించు" అన్నాడు. చూపించాడు. డాక్టరు వెళ్ళాక నా వైపు తల తిప్పాడు.

"మునీశ్వరా. మీరేటి సెలవిస్తారు?"

అనాలనే వెళ్ళాను. బస్సులో ఒకటికి రెండుసార్లు లోపల అనుకున్నాను కూడా. మహారాజా, మీరు విశ్రాంతి తీసుకోండి. పెద్ద వాక్యమేమీ కాదు. వాడి మొహం చూశాక భయమేసింది. ఉన్నట్టుండి మర్యాద చేస్తే వాడికి అర్థమైపోతుందనిపించింది.

"ఒరే, మాటాడకుండా పడుకో" అన్నాను.

పడుకున్నాడు. అక్క మాట కాదనేవాడు కాదు. నాలుగో రోజు పోయాడు.

తర్వాత అన్నీ బహువచనంలోకి మారాయి. కార్యాలయం వాళ్ళు గేటు పక్కన ఫ్లెక్సీ కట్టించారు. గుర్తింపు కార్డులో ఫొటో పెద్దది చేశారు. పేరుకు ముందు "శ్రీ", వెనక "గారు". ఉన్నన్నాళ్ళూ ఆ పేరుకు అటూ ఇటూ ఖాళీయే. ఎవరు టైపు చేశారో తెలియదు, గారు టైపు చేసేవాడు వాడే కదా. అటెండరు మా ఇంటికి వచ్చి వరండాలో నిలబడి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు.

"వారు మాకు సెప్పనే నేదమ్మా, ఒంట్లో బాగోనేదని. ఎంత మంచోరు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికీవోరు."

ఏమని పిలిస్తే పలికేవారో నేను అడగలేదు. "కూర్చోండి" అని కుర్చీ వేశాను.

పదిహేను రోజులకు ఫ్లెక్సీ దించేశారు. ఆ తర్వాత ఆ దారిన వెళ్తుంటే ఒక టీ బండి పైన కప్పి ఉంది. "గారు" ఉన్న వైపు పైకి ఉంది, ఫొటో ఉన్న వైపు లోపలికి మడిచారు.

ఆ ఏడాది బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు ఉదాహరణ మార్చాను. పంతులుగారు వచ్చారు అని రాయించాను. ఇది రాస్తూ కూడా మా తమ్ముణ్ణి "వారు" అని రాసి చూశాను. ఎవరో పెద్దమనిషి గురించి రాసినట్టుంది. కొట్టేసి "వాడు" అనే రాశాను. వాడైతే ఏ మాట ఉంచమనేవాడో నాకు తెలుసు.

మరదలు ఇప్పటికీ నెలకో ఆదివారం వస్తుంది. భోంచేసి కాసేపు కూర్చుంటుంది. స్టీలు గ్లాసు మంచినీళ్ళకు వాడుతున్నాం. పోయినసారి ఆమె నోటు పుస్తకం తెచ్చింది. మొదటి శాసనం ఉన్న పేజీ తీసి మా ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, నాకిచ్చారు. మూడు గంటల పన్నెండు నిమిషాలు అని ఉంది. కింద ఎక్కడా దాన్ని రద్దు చేసినట్టు లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఒరే అనడం లేదు.