మా కోడలికి నేనే ఎంచిన డైవ్ కంప్యూటర్

నీళ్ల అడుగున ఊపిరి తీసుకునే విద్య జనగామ మొత్తంలో తెలిసినవాడిని నేనొక్కడినే. ఈ మాట టీ కొట్టు దగ్గర చాలాసార్లు అన్నాను, ఎవరూ కాదనలేదు. కాదనాలంటే వాళ్లకు ఆ విద్య తెలియాలి కదా! వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చుకుంటూ, భూమి అడుగున, చెయ్యి చాస్తే చెయ్యి కనిపించని పొగలో ముగ్గురు మనుషుల్ని భుజాన మోసుకొచ్చినవాడిని. అందుకే మా మేనకోడలు సముద్రంలోకి దిగేటప్పుడు చేతికి కట్టుకునే రెండో కంప్యూటర్ ఏదో తేల్చింది కూడా నేనే. ఇందులో నిజమెంతో మెల్లగా చెబుతాను. మీకేం తొందర?

కోడలంటే మా చెల్లె బిడ్డ. వాళ్లది మహబూబాబాద్. మిరప చేల మధ్య పెరిగిన పిల్ల, ఇప్పుడు ఎక్కడో దీవుల దగ్గర చేపల మీద పరిశోధన చేస్తోంది. నీళ్ల కింద చేపల్ని వీడియో తీయడం దాని పని. మామూలు సిలిండర్ కట్టుకుని దిగితే ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు లేచి చప్పుడవుతుందట, చేపలు పారిపోతాయట. అందుకని ఈమధ్య రీబ్రీదర్ నేర్చుకుంది. అది వదిలిన ఊపిరిని బయటికి పోనివ్వదు. సున్నం లాంటి మందున్న డబ్బాలోంచి పంపి, చెడు గాలిని అక్కడే ఆపేసి, కొంచెం ఆక్సిజన్ కలిపి మళ్లీ నోటికే అందిస్తుంది.

ఇది విన్ననాడు నేను పడుకున్న మంచం మీద లేచి కూర్చున్నాను. "గిదేం కొత్త బిడ్డా! భూపాలపల్లి బొగ్గుబాయిల మేం పెట్టుకున్నది గిదే" అన్నాను. అది అబద్ధం కాదు. బాయిలో మంట లేచినా, విషవాయువు నిండినా లోపలికి పోవడానికి ఒక రెస్క్యూ దళం ఉండేది. వాళ్లు వీపుకు తగిలించుకునే యంత్రం చేసే పని కూడా అచ్చం ఇదే. ఆ దళంలో నేనూ ఉన్నాను. ఇంక అక్కడినుంచి నేను చెల్లెకు చెప్పుకున్న కథలున్నాయే, అవి ఏటా ఒక మూరెడు పెరుగుతూ వచ్చాయి.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు కోడలు ఇంకా లోతుకు దిగే శిక్షణకు పోతానంది. చెల్లె అడ్డం పడింది. "మీ మామ వచ్చి, ఆ సామాను చూసి, మంచిగున్నది అంటేనే పో."

పిల్ల నాకు ఫోన్ చేసింది. "నన్ను ఆపేటోళ్లు ఎవ్వరు లేరు మామ. గని అమ్మ ముఖం ముడుసుకొని తోలిస్తే, నీళ్లల్ల నాకు గదే యాదికొస్తది. ఆడ మనసు అటిటు పోతే కష్టం. నువ్వు జర వచ్చి అమ్మకు చెప్పు."

"వస్త గని, కోడికూర ఉంటదా?"

"నీకు నా పానం కంటె కూరనే ఎక్కువైంది!"

"రెండూ ముఖ్యమే కోడలా" అని రైలెక్కాను.

చెల్లె ఇంట్లో బల్ల మీద రెండు కంప్యూటర్లున్నాయి. కోడలు ఒకటి కొనుక్కునేముందు చూసుకోవాలని తోటివాళ్ల దగ్గర అడిగి తెచ్చింది. ఒకటి చేతి గడియారంలా సన్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. ఇంకొకటి సబ్బుబిళ్లంత లావు, పెద్ద రంగుల తెర. సన్నదాన్ని చార్జింగ్ పెట్టుకోవాలి. లావుదానికి ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సెల్లు వేస్తే చాలు.

"ఆ మిషనుకే ఒక కంప్యూటర్ ఉన్నది గదనే, మల్ల రెండోదెందుకు?" అంది చెల్లె.

"అది ఆగిపోతేనో? లోతులకెల్లి ఒక్కపారే పైకి రావద్దమ్మా. కింద పీల్చిన గాలి ఒంట్లకు ఇంకుతది, అది మెల్లగ బయటికి పోవాలె. ఏడ ఆగాలె, ఎంతసేపు ఆగాలె, గదంత కంప్యూటరే చెప్తది. అందుకే రెండోది మొదటిసంది నా చేతికే ఉండి, తన లెక్క తాను చేసుకుంటుండాలె."

"రెండూ రెండు తీర్లు చెప్తే?"

"ఎక్కువసేపు ఆగుమన్నదాని మాట వినాలె."

"మా ఇంట్ల గూడ గదే పద్ధతి" అన్నాను. "నేను పోదామంట, మీ అత్త ఆగుమంటది. ఆమె మాటే నడుస్తది."

కోడలు నవ్వింది. చెల్లె నవ్వలేదు. "నవ్వులాటనా అన్నా? ఒక్కగానొక్క బిడ్డ. పొగల ముగ్గుర్ని మోసుకొచ్చినోనివి, నీకు ఎరుకుంటది. చూసి చెప్పు" అంది.

మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయి కోడల్ని సైగచేసి పిలిచాను. "బిడ్డా, ఆ ముగ్గురి సంగతి..."

"ఏంది మామ?"

"ముగ్గురు గాదు. ఒక్కటే. మనిషి గూడ గాదు, ఇసుక నింపిన గోనెసంచి. దాన్నే మూడుపార్లు మోసిన."

అసలు సంగతి ఇది. ఆ పొగ బాయిలోది కాదు. రెస్క్యూ స్టేషన్ వెనక, భూమి మీదే కట్టిన శిక్షణ గదిలో తడిగడ్డి కాల్చి పెట్టిన పొగ. దళం నిజంగా లోపలికి పోయిన ఒక్కసారీ నేను బాయి మూతి దగ్గర, అవసరమైతే పోవడానికి, యంత్రం తగిలించుకుని కూర్చున్నాను. అవసరం పడలేదు. ఇక నీళ్లంటారా, మా వ్యవసాయ బావిలో మెట్టు వదలకుండా స్నానం చేసిన అనుభవం తప్ప నాకేమీ లేదు.

కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వింది. "సంచి గూడ బరువే గద మామ" అంది చివరికి. "మరి ఆ గదిల ఏం నేర్పిండ్రో గదన్న యాదున్నదా?"

అది మాత్రం గుర్తుంది. మా కెప్టెన్ టేకుమట్ల మనిషి, కోపిష్టి. చేతికి తొడుగులు వేయించి, కళ్లు మూయించి, తడుముకుంటూనే మీటలు తిప్పించేవాడు. ఎవడి గాలి మీటరు వాణ్ణి ఒక్కణ్ణే చూసుకోనిచ్చేవాడు కాదు, పక్కవాడూ చూసి చెప్పాలి. చెడు గాలి తలకెక్కితే మనిషి తన మీటరు తానే చూసుకుని అంతా బాగుందంటాడు. అందుకని.

"అయితే గట్లనే చూద్దాం" అంది కోడలు.

వాకిట్లో నీళ్ల గోలెం ఉంది. రెండు పిడికిళ్ల ఎర్రమట్టి వేసి కలిపితే నీళ్లు బురదగా అయ్యాయి. కోడలు తొడుగులు వేసుకుని, చెరో చేతికి ఒకటి కట్టుకుని, మోచేతుల దాకా ముంచి కళ్లు మూసుకుంది. రీబ్రీదర్ మొరాయిస్తే పక్కనున్న అత్యవసర సిలిండర్ మీదికి మారాలి, మారానని కంప్యూటర్‌కూ చెప్పాలి. ఆ బటన్లు తడుముకుంటూ నొక్కింది. సన్నదాని బటన్ రెండుసార్లు జారింది. తర్వాత చేతులు పైకెత్తింది. లావుదాని తెరలో, మారిందనడానికి గుర్తుగా, ఒక మూల పసుపు రంగు మెరిసింది. సన్నదానిలో ఏదో చిన్న నల్ల అక్షరం మారిందట.

నేను నిదానంగా చూశాను. ఆలోచించాను. "గీ లావుదే" అని వేలు పెట్టి చూపించాను. గడప దగ్గర నిలబడిన చెల్లె ముఖం కొంచెం తేటపడింది. "ఇగ పో బిడ్డా" అంది.

పిల్ల ఆ లావుదే కొనుక్కుంది, శిక్షణకు పోయింది. మొదటిసారి లోతుకు దిగి పైకి వచ్చిన సాయంత్రం ఫోన్ చేసింది. "మిషనుది, చేతిది రెండూ ఒక్క తీరుగనే చెప్పినయ్ మామ. అమ్మ నవ్వుకుంట తోలిచ్చింది, గదే యాదికొచ్చింది" అంది.

ఇదంతా రాసి, నిన్న ఫోన్‌లో చెల్లెకు చదివి వినిపించాను. చదివినంతసేపూ ఊఁ కొడుతూ వింది. మురిసిపోతోందనుకున్నాను.

"గోనెసంచి సంగతి నాకు వదినె ఎన్నడో చెప్పింది" అంది. "నాకు భయమై తోడుకు పిలిచిన, నువ్వేదో పొడుస్తవని గాదు. గని ఎంచింది నువ్వని రాసుకుంటవేంది? నీ కండ్లద్దాలు నా బల్ల మీదనే ఉండె. పొద్దటిసంది ఆ సన్నది చేతికి పెట్టుకొని అద్దం ముందట నిలవడి, గిదే ముద్దుగున్నది, గిదే కొను అన్నవ్. గడప కాడికెల్లి పసుపు రంగు చూసింది నేను. గింత దూరం నాకే కనవడ్డది, నీళ్లల్ల పక్కనున్నోనికి కనవడదా, లావుదే కొనవే అన్నది నేను. నువ్వప్పుడు కూర ఉడికిందా అని అడుగుతున్నవ్."