నేను బోర్లించిన అక్షరాల పెట్టె

ముందే చెబుతున్నాను, ఇది కల్పించింది కాదు. దేని మీద ఒట్టు వేయమంటే దాని మీద వేస్తాను. ఆ రోజు నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. పైగా ఇందులో నేను మంచిదాన్ని కూడా కాదు. అబద్ధమే చెప్పాలనుకుంటే నన్ను నేను కాస్త బాగా చూపించుకునేదాన్ని కదా... నవ్వకండి. వినండి.

నేనేం చేస్తానో మీకు తెలుసు. మందుల అట్టపెట్టెలు అచ్చేసే ఫ్యాక్టరీలో, అచ్చుకు ముందు అక్షరాలు సరిచూసే పని. ఇల్లు పటేల్‌గూడలో. ఆదివారాలు మాత్రం మా సంఘానివి. పాత అచ్చు యంత్రాలన్నా, సీసపు అక్షరాలన్నా పిచ్చి ఉన్న పదకొండు మందిమి కలిసి పెట్టుకున్న చరిత్ర సంఘం అది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మూతపడిన ఒక వర్క్‌షాపు షెడ్డు మాకు దొరికింది. తొమ్మిదేళ్ళుగా కార్యదర్శిని నేనే. ఉత్తరాలు రాసేది నేను, షెడ్డు ఊడిపించేది నేను, పాత పుస్తకాల వెంట దుమ్ములో తిరిగేది నేను.

రెండేళ్ళ కిందట నర్సింలు వచ్చాడు. హత్నూర మనిషి. లేత్ మిషన్ మీద పని. చదివింది పదో తరగతి. వచ్చిన మూడో వారానికే అందరికీ నర్సింలన్న అయిపోయాడు. తొమ్మిదేళ్ళయినా నేను మాత్రం మేడమ్‌నే. మేడమ్ రాగానే నవ్వులు ఆగిపోతాయి. నర్సింలన్న రాగానే మొదలవుతాయి. సరే, అది కూడా ఓర్చుకున్నాను.

సంగారెడ్డిలో ఎప్పుడో మూతపడిన ఒక ప్రెస్సు ఉండేది. దాని అక్షరాల పెట్టె కోసం నేను ఆరేళ్ళు తిరిగాను. పెట్టె అంటే ఏదో సామాను పెట్టె అనుకోకండి. వెడల్పాటి చెక్క పళ్ళెం, నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. ఏ అక్షరం ఏ గడిలో ఉండాలన్నది ఒక్కో ప్రెస్సుకు ఒక్కో వరస. అక్షరాలు కూర్చే కంపోజిటర్ గడి వంక చూడడు, చెయ్యే వెళ్ళి తెస్తుంది. ఆ ప్రెస్సు వరస ఎక్కడా రాసి లేదు. అక్షరాలు చెదరకుండా పెట్టె దొరికితేనే తెలుస్తుంది.

అది నర్సింలుకు దొరికింది! బేరింగు కొనడానికి పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్ళాడట. మూలన కనబడిందట. ఆరేళ్ళు నేను తిరిగితే, అతనికి బేరింగుతో పాటు దొరికింది.

పెట్టెను పేపరుతో కప్పి, తాడుతో కట్టి షెడ్డులో పెట్టాడు. వచ్చే ఆదివారం మా సంఘం సభలో అందరి ముందూ విప్పుతానన్నాడు. మా అధ్యక్షులు ప్రభాకరం గారు, రిటైరైన తెలుగు లెక్చరరు, మురిసిపోయారు.

"ఈసారి ప్రసంగం నర్సింలుదే. రాజేశ్వరి గారూ, మీరు కాస్త ఆ కుర్చీలూ టీలూ చూసుకోండమ్మా" అన్నారు.

కుర్చీలూ టీలూ! మండదా మరి?

సభకు ముందు రోజు శనివారం. డ్యూటీ దిగి ఇంటికి పోలేదు. కంపెనీ బస్సు వదిలేసి ఆటోలో షెడ్డుకు వెళ్ళాను. ఎనిమిది దాటింది. వాన. వాన పడితే అక్కడ గాలిలో ఒక ఘాటు వాసన లేస్తుంది, మీకు తెలిసిందే. గేటు పక్క గదిలో ఉండే వాచ్‌మన్ యాదమ్మ తల బయటపెట్టింది.

"గింత వానల ఏం పని మేడమ్?"

"పేర్ల చీటీలు అతికించాలి యాదమ్మా" అన్నాను. అబద్ధం.

లోపలికి వెళ్ళి లైటు వేశాను. తాడు విప్పాను. పేపరు తీశాను. చూడాలనే వచ్చాను, ఒట్టు. ముందుగా నేను చూడాలి, అంతే. చూస్తే కొన్ని గళ్ళలో ఒకటికి నాలుగు రకాల అక్షరాలున్నాయి. ఎవడో శుద్ధ బద్ధకస్తుడైన కంపోజిటర్ అనుకున్నాను. ఈ చెత్త కోసమా ఇంత సంబరం అనిపించింది. రేపు ఇక్కడ అతను నిలబడి మాట్లాడతాడు... నేను టీ కప్పులు లెక్కపెడతాను...

చెయ్యి జారిందని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. రెండు చేతులతో పట్టుకుని బోర్లించాను.

గల్లుమంది. సీసం సిమెంటు నేల మీద... ఆ చప్పుడు చాలాసేపు ఆగలేదు. బల్లల కిందికి, యంత్రం కిందికి దొర్లుతూనే ఉన్నాయి. ఖాళీ పెట్టె నేల మీద బోర్లా పడి ఉంది.

అప్పుడే కరెంటు పోయింది.

వాన కదా, పోతుంది. భయపడలేదు. ఫోను లైటు కోసం సంచిలో చెయ్యి పెట్టాను. దొరకలేదు. వెతుకుతున్నాను...

టిక్.

చిన్న చప్పుడు. షెడ్డు కప్పు కారుతోందేమో అనుకున్నాను. నీటిచుక్క చప్పుడు వేరు. ఇది గట్టిగా ఉంది. పొడిగా ఉంది.

టిక్...

కొంచెం ఆగి... మళ్ళీ టిక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. చెక్క గడిలో సీసపు అక్షరం పడితే వచ్చే చప్పుడు. అచ్చు పని అయ్యాక కంపోజిటర్ అక్షరాలన్నీ మళ్ళీ ఏ గడికి ఆ గడి పంచుతాడు. తీసుకోవడం, చూడటం, వేయడం. తీసుకోవడం... చూడటం... వేయడం. సరిగ్గా ఆ లయ.

ఫోను దొరికింది. లైటు వేశాను. మొదట నేల మీదికి వేశాను. కుప్ప అలాగే ఉంది. పెట్టె మాత్రం అక్కడ లేదు.

పెట్టె బల్ల మీద ఉంది. సరిగా, వెల్లకిలా. నేను ఎత్తలేదు. మీ మీద ఒట్టు, నేను దాన్ని ముట్టుకోలేదు. దాని ఎడమ వైపు ఒక గడిలో మూడు అక్షరాలు. పక్కన బల్ల అంచు మీద తడి... నాలుగు వేళ్ళంత వెడల్పు తడి. నేను చూస్తుండగానే, ఏ చెయ్యీ లేకుండా, నాలుగోది...

టిక్.

చెప్పులు కూడా అక్కడే వదిలేశాను. షట్టరు కింద నుంచి వంగి బయటపడి, దాన్ని కిందికి లాగేశాను. తాళం వేసింది నేనో కాదో కూడా గుర్తులేదు. యాదమ్మ గొడుగు వేసుకుని ఎదురొచ్చింది.

"ఏమైంది మేడమ్? గట్ల వణుకుతున్నరు?"

ఆమె షట్టరు వైపు చెవి పెట్టింది.

"మీరు ఈడున్నరు గద... మరి లోపట ఎవరున్నరు?"

"ఎలుకలేమో" అన్నాను.

"ఎలుకలు గిట్ల ఆగి ఆగి కొడ్తయా?"

ఇద్దరం నిలబడి విన్నాం. వానలో, పక్క ఫ్యాక్టరీ జనరేటరు హోరులో, ఆ టిక్... టిక్... స్పష్టంగా వినబడుతూనే ఉంది. ఎక్కడా తొందర లేదు. దాని పనేదో అది చేసుకుంటోంది.

ఆ రాత్రి నాకు నిద్ర ఎలా పడుతుంది? తెల్లవారుతూనే ఒక్కటే ఆలోచన. నేలంతా అక్షరాలు చిందరవందరగా ఉంటాయి, యాదమ్మ నా పేరు చెబుతుంది, నా పని అయిపోతుంది. భయం కన్నా ఆ సిగ్గే ఎక్కువ పీడించింది.

తొమ్మిదింటికి వెళ్ళేసరికి అందరూ పెట్టె చుట్టూ ఉన్నారు. నేల శుభ్రంగా ఉంది. పెట్టె నిండా అక్షరాలు, ఏ గడిలోవి ఆ గడిలో. నా చెప్పులు గోడ పక్కన జతగా పెట్టి ఉన్నాయి.

నర్సింలు ఒక ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఖాజా సాబ్. చిన్నప్పుడు ఆ ప్రెస్సులోనే కంపోజిటర్. రెండు కళ్ళకూ పొరలు. నర్సింలు ఆయన చేతిని పెట్టె మీద పెట్టాడు. ముసలాయన తల పైకెత్తి ఎటో చూస్తూ, చెయ్యి మాత్రం అటూ ఇటూ పోనిచ్చాడు. ఊరి పేరు కూర్చాడు. సంగారెడ్డి. ఒక్క తప్పు లేదు.

"నాకు యాదికి లేదు బిడ్డా. చెయ్యికే యాదున్నది" అన్నాడు. తర్వాత వేళ్ళు రుద్దుకున్నాడు. "ఇంక తడిగున్నయి. తడిపి పంచిన్రు. మా ఉస్తాద్ గట్లనే తడిపి పంచుతుండె."

రాత్రి బల్ల అంచు మీద చూసిన తడి గుర్తొచ్చింది. అప్పుడు నర్సింలు ముందుకొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అందరి ముందట ఒక మాట చెప్పాలె. పెట్టె తెస్తుంటే లక్డారం మలుపు కాడ ఆటోల బోర్ల పడ్డది. అక్షరాలన్ని కలిసిపోయినయి. ఎట్లొస్తె అట్ల గళ్ళల్ల నింపి పేపర్ కట్టిన. శరమై ఎవ్వరికి చెప్పలే. వారం సంది నిద్ర లేదు. ఇయ్యాల నా ఇజ్జత్ పోతదనుకున్న. రాత్రి మేడమ్ వచ్చిన్రంట, తెల్లారేదాంక లోపట చప్పుడైందంట, యాదమ్మ చెప్పింది. గిదంత సర్దింది మేడమే. నేను మాట్లాడేది కాదు, మేడమే మాట్లాడాలె."

చప్పట్లు కొట్టారు. నాకే! ప్రభాకరం గారు కళ్ళు తుడుచుకున్నారు. నేను తలుపు వైపు చూశాను. చీపురు పట్టుకుని యాదమ్మ నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. నేనే చూపు తిప్పుకున్నాను.

ప్రసంగం నేనే చేశాను. ఆరేళ్ళు కోరుకున్నది నోటిదాకా వచ్చింది, రుచే లేదు. దొంగతనంగా తిన్నట్టుంది. ఎదురుగా నర్సింలు చేతులు కట్టుకుని శ్రద్ధగా వింటున్నాడు. అతని మనసు చూసి కూడా నాకు అసూయే కలిగింది. ఏం మనిషినో నేను.

తర్వాత యాదమ్మను అడిగాను, చప్పుడైనప్పుడు నేను బయటే ఉన్నానని ఎందుకు చెప్పలేదని.

"చెప్తే నమ్ముతరా మేడమ్? ఉన్న నౌకరి ఊడుతది. మీరు మాత్రం చెప్పిన్రా?" అంది.

అది ఏమిటంటారా? నాకు తెలియదు. నా తర్వాత ఎవరైనా లోపలికి వెళ్ళారా? యాదమ్మ ఎవరూ రాలేదంటుంది. ఖాజా సాబ్‌కు పని నేర్పిన ఆ ఉస్తాద్ ఎప్పుడో చనిపోయాడట.

ఇంకో సంగతి ఉంది, ఎవరికీ చెప్పలేదు. మూడు వారాల తర్వాత, మళ్ళీ ఒక శనివారం, ఒక్కదాన్నే వెళ్ళాను. నాలుగు గళ్ళ అక్షరాలు తీసి బల్ల మీద కలిపేశాను. చెప్పులు విప్పాను. లైటు తీసేసి కూర్చున్నాను. భయం వేసింది, అయినా లేవలేదు. ఒక్కసారి వస్తే చాలనుకున్నాను... తొమ్మిదేళ్ళు ఈ షెడ్డుకు చాకిరీ చేసినదాన్ని కదా, నా కోసం కూడా ఒక్కసారి...

తెల్లవారింది. అక్షరాలు నేను పోసిన చోటే ఉన్నాయి. ఒక్కొక్కటీ నేనే ఏరి గళ్ళలో వేసుకున్నాను.