గీకేసిన గోడ

రంగులాయన ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని కాదు, గోడల్ని పలకరిస్తాడు. బొటనవేలి గోరుతో ఓ మూల గీరి చూసి, "అయ్యో, పుట్టీ పెట్టకుండానే రంగు పూసేశారే" అని నొచ్చుకుంటాడు. చుట్టాలిళ్ళలో ఈ పరామర్శ వల్ల ఆయన భార్యకి తలవంపులు కొత్త కాదు.

ఆ ఏడాది పనులు ఎండిపోయాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం తిండి మానలేరు, మందులు మానలేరు; రంగు మాత్రం హాయిగా మానేస్తారు. కడిగి ఆరబెట్టిన బ్రష్షులు ఆరినవి ఆరినట్టే ఉన్నాయి. అయినా చేతికందిన దాంట్లోంచి చర్చికని కొంత ముందే తీసి జేబులో వేసుకోవడం ఆయన మానలేదు. ఆ కాస్తా పక్కన పెట్టినప్పుడే తానూ నలుగురిలో ఒకడినన్న ధీమా ఆయనకి.

ఒక ఆదివారం కానుకల సంచి ఆయన వరుస దాకా వచ్చి, ఆగకుండా సాగిపోయింది.

సంచి పట్టుకున్నది స్వయానా బావమరిది. పంక్చర్లు వేసుకుని బతికే మనిషి. పొరపాటేమోనని రంగులాయన లేచి వెంట వెళ్ళాడు. బావమరిది నడక పెంచాడు. ఈయనా పెంచాడు. అందరూ కళ్ళు మూసుకుని పాడుతుంటే ఇద్దరూ బల్లల చుట్టూ ఓ చుట్టు చుట్టేశారు. చివరికి తలుపు దగ్గర దొరికిన బావమరిది, సంచి మూతి బిగించి పట్టుకున్నాడు.

"తెరవరా!"

"తెరవను బావా. నీ దగ్గర ఆగొద్దని సంఘ పెద్దలు చెప్పారు."

"నేనేమన్నా దొంగనోట్లు వేస్తున్నానా?"

"నీ పరిస్థితి బాగా లేదని! మెల్లిగా మాట్లాడు, అక్క చూస్తోంది."

ఆరాధన అయ్యాక పాస్టరుగారే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "మనసులో ఏమీ పెట్టుకోకు తమ్ముడూ. ఈ కష్టం గడిచేదాకా నువ్వు ఇవ్వక్కర్లేదు. పైగా వేదిక వెనక గోడ పెచ్చులూడుతోంది కదా, ఆ పని నీకే ఇద్దామనుకున్నాం. కూలి పూర్తిగా ఇస్తాం."

మంచి మాటే. ఆయన "అలాగేనండీ" అని వచ్చేశాడు గానీ, అన్నం ముందు కూర్చున్నాక భార్య దగ్గర అదే మాట ఎత్తాడు.

"ఇన్నాళ్ళూ ఇచ్చేవాళ్ళలో ఉన్నానే. ఒక్క మాటతో పుచ్చుకునేవాళ్ళ వైపు కూర్చోబెట్టేశారు."

"కూలి వస్తే నూనె సీసా నిండుతుంది. అదీ చూసుకోవాలి మరి," అంది భార్య. కాసేపు పొయ్యి తుడిచింది. మళ్ళీ తనే అంది, "మా తమ్ముడు నా దగ్గరా ఆగలేదు తెలుసా? నేనూ గుప్పిట మూసుకునే ఇంటికొచ్చాను."

"కూలి లేకుండా వేస్తానంటే?"

"ఒప్పుకుంటారా?"

"ఎందుకు ఒప్పుకుంటారు? జాలిపడేవాళ్ళతో బేరం కుదరదు."

"అయితే చెప్పకండి. వెళ్ళి గీకేయండి. గీకేసిన గోడని చూసి వద్దనేదెవరు?"

రంగులాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ పనిలో పుట్టి పెరిగిన తనకి తట్టలేదు! పాత రంగు ఒకసారి ఊడ్చేశాక ఏ ఇంటి యజమానీ మనసు మార్చుకోలేడు.

"మరి నూనె?"

"ఉడకబెట్టుకుని తిందాం. మనకి నోరు కట్టుకోవడం ఈరోజు కొత్తా?"

మర్నాడు పాస్టరుగారు వచ్చేసరికి చర్చి నిండా తెల్లటి దుమ్ము. అందులో ముఖానికి గుడ్డ కట్టుకుని రంగులాయన.

"కూలి మాట్లాడుకోకుండానే మొదలెట్టేశావేం తమ్ముడూ?"

"కూలి లేదండీ. ఇది మా కానుక."

"అదేం కుదరదు. పోనీ సగం తీసుకో."

"సగమూ వద్దండీ."

"పావు?"

ఇచ్చేవాడు బతిమాలడం, పుచ్చుకోవాల్సినవాడు బిగుసుకోవడం! అలాంటి బేరం ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. చివరికి రంగులాయన నిచ్చెన దిగాడు.

"అయ్యగారూ, మా ఇద్దరి గుప్పిళ్ళూ మూసి పంపించారు నిన్న. ఇంటికెళ్ళాక వాటిని ఎక్కడ తెరవాలో తెలీలేదండీ."

పాస్టరుగారు గీకేసిన గోడని అరచేత్తో తడిమారు. "మాదే తప్పు," అన్నారు. "పుట్టీ అయినా నన్ను కొననిస్తావా?"

"అది మీ కానుక. మధ్యలో నేనెవర్ని కాదనడానికి?"

మిగిలిన రంగు పనివాడిదే అన్నది వాళ్ళ పనిలో పాత మర్యాద. అలా ఎన్నో ఇళ్ళనుంచి వచ్చి ఆయన పెరట్లో చేరిన అడుగు బొడుగు తెలుపు, లేత పసుపు డబ్బాలన్నీ ఒక్క పెద్ద బకెట్లో కలిస్తే, మీగడలాంటి చక్కటి రంగు వచ్చింది. కానీ గీకిన గోడ ఎంత తాగుతుందో బాగా తెలిసినవాడు కూడా, ఉన్నది ఎలాగైనా సరిపోవాలన్న ఆశకొద్దీ అంచనా తప్పాడు. శనివారానికి కిటికీ పక్కన పెద్ద చాపంత జాగా బోడిగా మిగిలింది. బకెట్ గోకినా బ్రష్షు తడవలేదు.

అప్పుడొచ్చాడు బావమరిది, మూత తీయని డబ్బా ఒకటి మోసుకుంటూ. "ఇది చాలుతుందా బావా?"

నీలం రంగు. రంగులాయనకి ఆ డబ్బా సంగతి తెలుసు. "ఇది మీ ముందుగదికి కొన్నది కదరా! మీ ఆవిడ ఏడాదిగా పోరితే కొన్నావు."

"ఆవిడే పంపింది."

"వద్దు, తీసుకెళ్ళు. నీకు పంక్చర్లే సరిగ్గా రావడం లేదు. నీ పరిస్థితి నాకు తెలీదా?"

నేల ఊడుస్తున్న భార్య చీపురు ఆపింది. "ఏవండీ, అచ్చం సంఘ పెద్దల గొంతు వచ్చేసింది మీకు."

రంగులాయన ఉన్నట్టుండి నవ్వాడు. మీసం మీది దుమ్ము రాలేలా నవ్వాడు.

"రంగు కలవదురా. గోడంతా మీగడ, ఇక్కడొక్క చోటే నీలం."

"కలవకపోతే మానె. బ్రష్షు ఇలా ఇవ్వు, నేనే వేస్తా."

తన బ్రష్షు ఆయన ఇంతవరకూ ఎవరి చేతికీ ఇచ్చి ఎరగడు. ఇచ్చాడు. బావమరిది ట్యూబుకి జిగురు రాసినట్టు రుద్దడం మొదలెట్టాడు. నీలం చారలు కిందకి కారుతున్నాయి. చూస్తుంటే రంగులాయనకి ప్రాణం పోతోంది.

"చేతులు వెనక్కి పెట్టుకోండి," అంది భార్య.

"పెట్టుకున్నానే!"

"వేళ్ళు ఆడుతున్నాయి."

"ఆ పైమూల కొంచెం మిగిలింది. అదొక్కటీ నేను..."

"అది నాది," అంటూ ఆవిడ కొంగు దోపుకుని, తమ్ముడి చేతిలోంచి బ్రష్షు లాక్కుంది.