లాగ్ బుక్కులో నిస్సీ సంతకం

నరసరావుపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్న నిస్సీ ఆ జనవరి నాటికి మందుల కంపెనీలకు పన్నెండు దరఖాస్తులు పెట్టింది. మూడు చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. మార్కులు విని మెచ్చుకున్నవాళ్లు, ప్లాంటులో ఎక్కడైనా పనిచేశావా అని అడిగి, లేదనగానే ఫోన్ పెట్టేశారు. రొంపిచెర్లలో తాపీపని చేసే తండ్రి దానయ్యకు ఇది అర్థం కాలేదు. పని ఇస్తేనే కదా పని వచ్చేది అన్నాడు.

చివరి సెమిస్టర్లో ఎలాగూ ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. తోటివాళ్లలో సగం మంది ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. నిస్సీ మాత్రం యంత్రాల మధ్య పని కావాలని తిరిగి తిరిగి, ఊరి బయట ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరింది. మేనేజర్ మధుబాబు మర్యాదస్తుడు. మొదటి రోజే టీ తెప్పించి, మూడు నెలలు బుద్ధిగా చేస్తే ప్లాంట్ ట్రైనీ అని రాసిస్తానన్నాడు.

పని కష్టమైంది కాదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు పేర్చిన గదులను చల్లబరచడానికి మెషిన్ రూము నుంచి పైపుల్లో అమోనియా వెళ్తుంది. రెండు గంటలకోసారి గేజీల మీద ప్రెషర్ చూసి, లాగ్ బుక్కులో రాసి, కింద సంతకం పెట్టాలి. మిషన్లు నడిపే అలీ సాహెబ్‌ది అక్కడ ఇరవై ఏళ్ల సర్వీసు. ఆమె ఆయన్ను బాబాయ్ అని పిలిచేది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్రెసర్లు ఆగిపోయాయి. పెద్ద గేజీలో సూది కదలాలి గానీ ఉన్నచోటే ఉంది. నిస్సీ వేలితో తట్టి చూసింది. కదల్లేదు.

దసరా నుంచీ అంతేనని అలీ సాహెబ్ చెప్పాడు. మరి ఏం రాయాలని అడిగితే, నిన్నటిది చూసి రాయమన్నాడు. ఆమె రాసింది. సంతకం పెట్టింది. అలా ఇరవై మూడు రోజులు రాసింది.

మిర్చి ఉన్నచోట దగ్గు మామూలే. మెషిన్ రూము పక్క షెడ్డులో కూర్చుని కాయలు ఏరే ఆడవాళ్లు రోజంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంటారు. అందువల్ల ఏది మిర్చి ఘాటో, ఏది గ్యాసో ఎవరికీ తెలిసేది కాదు. నిస్సీకి అనుమానం వచ్చింది. కాలేజీ ల్యాబు నుంచి ఎర్ర లిట్మస్ కాగితాలు తెచ్చి, రోజుకొకటి తడిపి షెడ్డు వైపు గోడకు అంటించింది. గాలిలో అమోనియా ఉంటే అది నీలంగా మారుతుంది. మొదటి రోజు సాయంత్రానికి అంచులు నీలమయ్యాయి. వారం తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళకే కాగితమంతా మారింది. ఫిబ్రవరి చివరికి పది నిమిషాలే పట్టింది. తేదీ, టైము తన నోట్‌బుక్కులో రాసుకుంది.

ఆ నోట్‌బుక్కు తీసుకుని మధుబాబు దగ్గరికి వెళ్లింది. అతను శ్రద్ధగా చూశాడు.

"మంచి పనే చేశావమ్మా. కానీ సీజన్ మధ్యలో మిషన్ ఆపితే లోపల సరుకంతా ఏమైద్ది? ఏప్రిల్ దాటాక అన్నీ మార్పిస్తాం," అన్నాడు. నోట్‌బుక్కు తిరిగి ఇస్తూ, "నీ సర్టిఫికెట్ టైపు చేయించి పెట్టా. సంతకమే తరువాయి," అన్నాడు.

ఇంట్లో తల్లి గ్రేసమ్మకు చెప్పింది. "ఏమే, ఇంకెన్ని రోజులుంది?" అని మాత్రం అడిగింది ఆమె.

మర్నాడు నిస్సీ లాగ్ బుక్కులో ప్రెషర్ రాయాల్సిన చోట 'గేజీ పనిచేయడం లేదు, గ్యాస్ లీకవుతోంది' అని రాసి సంతకం పెట్టింది. తెల్లారి వచ్చి చూస్తే ఆ పేజీ లేదు. బ్లేడుతో నీటుగా కోసేశారు. తర్వాతి పేజీలో నిన్నటి తేదీతో మామూలు అంకెలున్నాయి. కింద నిస్సీ అని ఉంది, ఆమె రాత కాదు. ఆ రోజు కూడా మధుబాబు ఆమెకు టీ పంపించాడు.

అప్పుడే మానేయాల్సింది. కానీ ఒక కంపెనీ ఆమెను ఇంటర్వ్యూకి ఎంపిక చేసి, సర్టిఫికెట్ పంపమని మెయిల్ పెట్టింది. ఇంకా నెలన్నరే ఉంది. ఆమె ఉండిపోయింది. లాగ్ బుక్కు ముట్టుకోలేదు. అయినా ప్రతి ఉదయం అందులో ఆమె పేరు కనిపించేది. షెడ్డులో ఆడవాళ్లకు మాత్రం, పెద్ద చప్పుడైతే గాలి వచ్చే వైపుకు పరుగెత్తాలని, తడిపిన కొంగు ముక్కుకు పెట్టుకోవాలని చెప్పింది. వాళ్ల మేస్త్రీ మహాలక్ష్మమ్మ నవ్వింది గానీ, రెండు బకెట్లతో నీళ్లు తెచ్చి పెట్టించింది.

మార్చిలో ఒక శుక్రవారం, పదకొండు గంటలప్పుడు, మెషిన్ రూములో పైపు జాయింటు ఊడింది. బస్సు టైరు పేలినట్టు వినబడింది. తెల్లటి పొగ తలుపులోంచి షెడ్డులోకి వచ్చింది. నిస్సీ అరుస్తూ ఆడవాళ్లను రోడ్డు వైపు తరిమింది. పదకొండు మందీ బయటపడ్డారు. అలీ సాహెబ్ మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని లోపలికి వెళ్లాడు. మెయిన్ వాల్వు కట్టేసి, మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు.

గుంటూరు ఆసుపత్రిలో నాలుగో రోజు చనిపోయాడు. అప్పటికింకా పోలీసులు ఆయన వాంగ్మూలం తీసుకోలేదు.

లాగ్ బుక్కు ఎస్సై బల్ల మీదికి చేరింది. రీడింగులు చూడడం ట్రైనీ బాధ్యతని, లీకు గురించి ఆ అమ్మాయి ఎన్నడూ చెప్పలేదని మధుబాబు రాసిచ్చాడు. నిస్సీ తన నోట్‌బుక్కు ఇచ్చింది. ఇది నువ్వు రాసుకున్నదే గదా అన్నాడు ఎస్సై.

"అవును సార్. ఈ ఇరవై మూడు రోజుల సంతకాలు కూడా నావే. సూది కదలట్లేదని తెలిసీ రాశా. తర్వాతవి నావి కావు," అంది నిస్సీ.

పక్కనున్న దానయ్య తల దించుకున్నాడు. ఎస్సై ఆ మాటలన్నీ రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు. నిస్సీ పెట్టింది.

నెల తిరక్కుండా షెడ్డు మళ్లీ తెరిచారు. పోలీసులతో మాట్లాడినవాళ్లకు పని ఉండదని ఆడవాళ్లకు కబురందింది. పది మంది నోరు మెదపలేదు. మహాలక్ష్మమ్మ మాత్రం ఒక్కతే స్టేషనుకెళ్లి, ఈ పిల్ల ముందే చెప్పింది కాబట్టే మేం బతికామని చెప్పి వచ్చింది. మర్నాటి నుంచి ఆమెను పనికి పిలవలేదు. ఇప్పుడు రోజూ పనికి సత్తెనపల్లి దాకా పోతోంది.

నిస్సీ సాక్షో, ముద్దాయో చెప్పమని దానయ్య అడిగితే, ఛార్జిషీటులో తేలుద్ది అన్నాడు ఎస్సై.

ఆ ఇంటర్న్‌షిప్ సంగతే రాయొద్దని, వేరేచోట సర్టిఫికెట్ ఇప్పిస్తానని కాలేజీలో ఒక లెక్చరర్ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఇంటర్వ్యూకి ఎంపిక చేసిన కంపెనీ ఫారంలో తాను చేసిన చోటే రాసింది. పై అధికారి ఫోన్ నంబరు ఇవ్వనిదే ఫారం ముందుకు పోలేదు. మధుబాబు నంబరే ఇచ్చింది. కేసులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న కింద జరిగినదంతా రాసింది.

ఇంటర్వ్యూకి హైదరాబాద్ పిలిచారు. ఒకాయన ముప్పావు గంట విన్నాడు. మీరు చేసిన చోట కూడా మాట్లాడామన్నాడు. వాళ్లేం చెప్పారో చెప్పలేదు. కబురు చేస్తామన్నాడు.

ఏడు నెలలైంది. నిస్సీ ఇప్పుడు గురజాలలో ఒక చిన్న ల్యాబులో బోరు నీళ్లు పరీక్షిస్తోంది. ప్రతి అంకె రెండుసార్లు చూసుకుంటేగానీ రాయదు. ఛార్జిషీటు ఇంకా వెయ్యలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే పరీక్షనాళిక స్టాండులో పెట్టి, చేతులు తుడుచుకుని, బయటికి నడుస్తుంది. అది కంపెనీవాళ్లదో, స్టేషనువాళ్లదో ఎత్తేదాకా తెలియదు.