కిటికీ పక్క మంచం

మా అమ్మాయిని కాలేజీ డార్మ్‌లో దింపిన రోజు నేను చేసిన తప్పు చిన్నదేమీ కాదు. అందరికంటే ముందు గదిలోకి దూరి, కిటికీ పక్క మంచం మీద తువ్వాలు వేసేశాను. ముందొచ్చినవాడిదే సీటన్నది చిన్నప్పుడు బస్సుల్లో నేర్చుకున్న ధర్మం. అంతటితో ఆగక దుప్పటి కూడా పరిచాను.

పెట్టె ఈడ్చుకుంటూ వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా! ఆ బెడ్ నా రూమ్మేట్‌ది. సమ్మర్‌లోనే డిసైడ్ చేసుకున్నాం. తను చూస్తే నా గురించి ఏమనుకుంటుంది?"

"ఇదేమన్నా పండగ బస్సా, తువ్వాలేసి సీటు ఆపడానికి?" అంది వెనకే వచ్చిన మా ఆవిడ.

దుప్పటి తీసేలోపే రూమ్మేట్, వాళ్ల నాన్న లోపలికొచ్చారు. మంచం చూసి ఆ పిల్ల ముఖం మాడిపోయింది. ఏడాదంతా పిల్లలిద్దరూ కలిసి ఉండాల్సిన గది అది.

"తప్పు నాది, మా అమ్మాయికి తెలియదు," అని ఇంగ్లీషులో ఒప్పుకున్నాను. నా దుప్పటి తీసేసి, ఆ పిల్లది అడిగి తీసుకుని ముడత లేకుండా పరిచాను. అయినా మనసు ఊరుకోక, కిందికి వెళ్లి వాళ్ల కారులో ఉన్న చిన్న ఫ్రిజ్‌ను భుజాన పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. లిఫ్టు ఉందని వాళ్ల నాన్న చెప్పబోతే, "మొయ్యనివ్వండి అంకుల్," అని మా అమ్మాయి ఆపిందట. మూడో అంతస్తులోని గదికి చేరేసరికి పిల్లలిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నారు.