పరుగు వద్దన్న చెయ్యి

కెనడాలో ఈ స్కార్‌బరో చలిలోనూ ఎండలోనూ మా చిన్న తెలుగు సంఘాన్ని చెదిరిపోకుండా కాపాడుతున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆయనను మహిమపరచకుండా ఏ పనీ మొదలుపెట్టవద్దని మా అమ్మ నేర్పింది. ఓడిపోయిన ఆట గురించి రాయబోతున్నా సరే, వరస అదే.

మొన్న మార్కమ్‌లో మా ఆఫీసు భోజనాల గదిలో పెద్ద చర్చ జరిగింది. నిన్నమొన్నటిదాకా అందర్నీ చిత్తు చేసిన బేస్‌బాల్ టీమ్ ఒకటి ఈ ఏడు వరసగా ఓడిపోతోందట. బంతి విసిరేవాడి భుజం పోయిందని ఒకరు, మేనేజరుకు బుద్ధి లేదని ఒకరు, డబ్బున్న ఆటగాళ్లకు కసి ఉండదని మరొకరు. నేను పెరుగన్నం డబ్బా మూత పెట్టేసి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. అలాంటి టీమ్ ఒకటి మాకూ ఉండేది.

చర్చిల మధ్య వేసవిలో బేస్‌బాల్ పోటీలు జరిగేవి. మా తెలుగు చర్చి తరఫున ఆడే తొమ్మిది మందిమీ కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లమే. చాలామంది అమెరికా మీదుగా వచ్చినవాళ్లు. మా కెప్టెన్ మా అక్క భర్త. బావ డాలస్‌లో ఉన్నప్పుడు పక్కింటి వాళ్లతో ఆడి ఈ ఆట నేర్చుకున్నాడు. నేర్చుకున్నది మాకు నూరిపోశాడు. మొదట గడ్డిలో మోకరించి ప్రార్థన, తర్వాత ఆట, తర్వాత అక్క వండి తెచ్చిన చికెన్ పలావు. ఏటా ఈ మూడూ తప్పేవి కావు, గెలుపు కూడా తప్పేది కాదు. గెలిచినవాళ్ల దగ్గర ఏడాదిపాటు ఉంచే షీల్డు మా చర్చిలో పియానో మీదే ఉండేది. ఎంతగా అంటే, అది పోటీ వాళ్లదన్న సంగతి మరిచిపోయి అక్క దాని మీద క్రోషే గుడ్డ కూడా అల్లి కప్పింది.

అంతలో విద్యార్థుల రాక మొదలైంది. ఒక్క సెప్టెంబరులో మా చర్చి గుమ్మం దగ్గర చెప్పులు మెట్లు దిగి కారు పార్కింగ్ దాకా పాకాయి. ఒషావా నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు, గుంటూరు వాళ్లు, కడప వాళ్లు, నల్గొండ వాళ్లు. వారమంతా క్లాసులు, గోడౌన్లలో పనులు. ఆదివారం వస్తే వెనక బల్లల మీద కూర్చుని గొంతెత్తి పాడేవారు, ప్రసంగం మొదలయ్యాక కొందరు కునుకు తీసేవారు. అందరూ ఉక్కులాంటి పిల్లలు. ఊళ్లో క్రికెట్ ఆడి ఆడి పెరిగినవాళ్లు. బావ సాక్ష్యం చెప్పడానికి లేచి, "మన టీమ్‌కి దేవుడు యౌవనం ఇచ్చాడు, ఇక మనకు తిరుగులేదు" అన్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది.

తర్వాతి వేసవి నుంచే ఓటములు మొదలు. చేతికున్న గ్లవ్ విప్పి పారేసి ఉత్త చేతులతో క్యాచ్ పట్టేవాళ్లు, తర్వాత వాచిన అరచేతులు ఊదుకునేవాళ్లు. బంతిని కొట్టి, బ్యాట్ చంకలో పెట్టుకుని పరిగెత్తేవాళ్లు. "బ్యాట్ పడేసి పరిగెత్తరా నాయనా!" అని బావ అరిస్తే, "మరి చివర్లో గీత దగ్గర ఏం ఆనించాలి అంకుల్?" అని ఒక కడప పిల్లవాడు నిజంగానే అడిగాడు. మాకు గర్వం తలకెక్కిందన్నారు పాస్టర్ గారు. పిల్లలకు నిద్ర చాలడం లేదంది అక్క. నాకు మాత్రం కారణం కళ్లముందే ఉంది. పాత తొమ్మిది మందినీ ఆడనిచ్చి, పిల్లలకు మెల్లగా నేర్పితే సరిపోతుంది. సంఘ కూటంలో లేచి ఆ మాటే చెప్పాను.

"వారమంతా గోడౌన్లలో వీళ్లను నంబరు పెట్టి పిలుస్తారు. పేరు పెట్టి పిలిచేది ఇక్కడొక్కటే" అంది అక్క. "ఇక్కడ కూడా బెంచీ మీద కూర్చోబెడితే మళ్లీ ఆదివారం ఎందుకొస్తార్రా?"

పాస్టర్ గారు "ఆమెన్" అన్నారు. ఆమెన్ పడ్డాక మా సంఘంలో ఎవరూ వాదించరు. వచ్చిన ప్రతివాడికీ ఆడే వంతు ఇవ్వాలని తీర్మానమైంది. నేను బెంచీ మీదికి చేరాను.

చివరికి పట్టికలో అడుగుకు జారాం. అడుగున మిగిలిన చర్చిని పోటీల నుంచి తీసేస్తారు. ఆఖరి ఆటలో ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, ఇంకొకరు ఔటైతే అంతా అయిపోతుంది. మూడో బేస్ మీద, అంటే మూడో గడిలో, బావే ఉన్నాడు. అక్కణ్నించి, బ్యాట్ పట్టినవాడు నిలబడే ఇంటి గడికి చేరితే ఒక పరుగు, స్కోరు సమానం. బ్యాట్ పట్టుకున్నది నల్గొండ అబ్బాయి, పిల్లలందరిలో బలంగా కొట్టేవాడు. కొట్టాడు. బంతి నేల మీద పడి ఒక ఫీల్డరు వైపు దూసుకుపోయింది. బేస్‌బాల్‌లో అలా కొట్టినవాడు మొదటి బేస్‌కు పరిగెత్తి తీరాలి, ఆగే వీలే లేదు; తనకంటే ముందు బంతి అక్కడికి చేరితే ఔట్. బావ అప్పటికే సగం దూరం వచ్చేశాడు. ఆ అబ్బాయి కదలకుండా నిలబడి, అరచెయ్యి చాచి, "నో! అంకుల్, నో!" అని కేక పెట్టాడు.

ఇది క్రికెట్ కాదని ఏళ్ల తరబడి మా చెవులు చిల్లులు పడేలా చెప్పిన మా బావ, ఆ కేక వినగానే గిరుక్కున వెనక్కి తిరిగి మూడో బేస్‌కు పరిగెత్తాడు. ఫీల్డరు బంతి పట్టుకుని, ఈ మనుషులకేమైందన్నట్టు కాసేపు చూసి, నింపాదిగా మొదటి బేస్‌కు విసిరాడు. అయిపోయింది.

"బాల్ సీదా ఆయన చేతిలకే పోయింది అంకుల్, మీరు ఔటైతరని ఆపిన" అన్నాడా అబ్బాయి, దాదాపు ఏడుస్తూ.

"నన్ను కాపాడావన్నమాట!" అన్నాడు బావ, టోపీ నేలకేసి కొట్టి.

"అది సరే, మీరెందుకు తిరిగారండీ?" అంది అక్క, పలావు గిన్నె మూత తీస్తూ. బావ మొదటి ప్లేటు ఆ అబ్బాయికే పెట్టించాడు. వాడు మరుసటి ఆదివారం వచ్చాడు, ఆ పై ఆదివారమూ వచ్చాడు. అక్క మాట నెగ్గింది. షీల్డు పోయింది. క్రోషే గుడ్డ పియానో మీద ఒంటరిగా మిగిలింది.

ఈ వసంతంలో పోటీల వాళ్లు మళ్లీ ఆడతారా అని కబురు పెట్టారు. ఇప్పుడు పిల్లలు లేరు. వర్క్ పర్మిట్ అయిపోయి కొందరు ఇండియా వెళ్లిపోయారు, పని దొరికి కొందరు ఆల్బర్టా వెళ్లారు. నల్గొండ అబ్బాయి కూడా అక్కడే, ఇక్కడ స్థిరపడే అనుమతి, ఆ పీఆర్ కోసం చూస్తున్నాడు. మా పాతవాళ్ల మోకాళ్లు ప్రార్థనకే కష్టంగా వంగుతున్నాయి. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక బావ గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టాడు. తొమ్మిది కాలేదు.

"ఆ నల్గొండవాడుంటే బాగుండేదిరా" అన్నాడు.

"వాడు పరిగెత్తడుగా బావా."

"నేర్పేవాళ్లం."

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మాతో కలిసి ప్రార్థించండి. కాగితాల కోసం ఎదురుచూస్తున్న ఆ పిల్లల్ని ఎక్కడున్నా తండ్రి కాపాడాలని, వీలైతే కొందర్ని ఈ వేసవికి మా వైపు నడిపించాలని. షీల్డు మీద నాకింకా ఆశ చావలేదన్నది ఆయన దగ్గర దాచలేను. ఆ రోజు చెయ్యి చాపితే బావ ఆగాడు గానీ, ఆ వేసవీ ఆ పిల్లలూ ఆగలేదు.