బాపు తిరిగిరాని పుస్తకం

సరోజనకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. కోరుట్లలోని ఒక ప్రైవేటు బడిలో ఆమె, నేను పదకొండేళ్ళు కలిసి పాఠాలు చెప్పాం. క్లాసులో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉండేది. కథలు కూడా నిలబడే రాసేది, స్టాఫ్ రూము కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని. ఆ పదకొండేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారింది. ఎందుకని అడిగితే, "గాలాడతలేదే జమునా" అనేది.

ఆమెది సిరిసిల్ల. తండ్రి యాదగిరి చేనేత మగ్గం విడిచి పవర్‌లూమ్ కార్ఖానాలో చేరినవాడు. తొంభై ఒకటిలో నూలు దొరక్క కార్ఖానా మూతపడితే మరమగ్గాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కాడు. రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు. తర్వాత అవీ ఆగిపోయాయి. తల్లి రాధమ్మ బీడీలు చుట్టి కూతురిని డిగ్రీ దాకా చదివించింది. యాదగిరి మాట మాత్రం ఆ ఇంట్లో తల్లీ ఎత్తేది కాదు, కూతురూ ఎత్తేది కాదు.

మా బడి పిల్లల్లో సగంమంది తండ్రులు మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉండేవారు. సరోజన మొదటి కథ ఆ పిల్లలకే చెప్పింది. ఎడారిలో ఒంటెలు కాసే తండ్రి ఒకడు, తప్పిపోయిన ఒంటెను పట్టుకుని దాని మీదే మెట్‌పల్లి పసుపు మార్కెట్లో వచ్చి దిగుతాడు. పిల్లలు బల్లలు చరుస్తూ నవ్వారు. నేనే పోరుపెట్టి దాన్ని హైదరాబాదులోని ఒక పిల్లల పత్రికకు పంపించాను. అచ్చయింది. ఆరేళ్ళలో నాలుగు పుస్తకాలు వచ్చాయి, ఒక పెద్ద పురస్కారం కూడా. జగిత్యాల, ఎల్లంతకుంట, ఏ ఊరి బడి పిలిచినా వెళ్ళి కథలు చదివేది. ప్రతి కథలోనూ తండ్రి చివరికి ఇల్లు చేరేవాడు.

ఒకసారి చందుర్తి బడికి నేనూ తోడు వెళ్ళాను. కథ అయ్యాక ఆరో తరగతి పిల్ల సౌమ్య లేచి నిలబడింది.

"టీచర్, మీ కథల్ల బాపు ఎప్పటికీ అస్తడు. మా బాపు దుబాయ్ నుంచి శవపెట్టెల అచ్చిండు. గట్ల ఎందుకు రాయరు?"

సరోజన ఆ పిల్ల పేరు కాగితం మీద రాసుకుంది. తిరుగు బస్సులో మూడుసార్లు సీటు మారి, చివరికి నా పక్కకు వచ్చింది.

"నేను పిల్లలకు అబద్ధాలు చెప్తున్ననా?"

"కథలే గదనే. అబద్ధమేంది?"

"మరి మా బాపు అచ్చిండా?"

ఆ తర్వాత రెండేళ్ళు ఒక్క వాక్యం రాయలేదు. వేసవి సెలవుల్లో ఒంటరిగా భీవండి వెళ్ళింది. తండ్రి పనిచేసిన షెడ్డు లేదు, గోదాము కట్టారు. మన వైపు నుంచి వెళ్ళిన ముసలి కార్మికుడు శంకరయ్య దొరికాడు.

"యాదగిరా? షెడ్డు పడగొట్టినంక సూరత్ పోత అన్నడు బిడ్డా. మళ్ళ నేను సూడలె."

సూరత్ కూడా వెళ్ళింది. అక్కడ ఆ పేరే ఎవరికీ తెలియదు.

తిరిగొచ్చి అయిదో పుస్తకం రాసింది. అందులో తండ్రి రాడు. ప్రతి బస్సుకూ ఎదురు పరుగెత్తే పిల్ల ఒకరోజు పరుగు ఆపి, సైకిల్ నేర్చుకుంటుంది. ప్రచురణకర్త ఫోన్ చేశాడు.

"పిల్లలు ఏడుస్తారు మేడమ్. చివర్లో కనీసం ఒక ఉత్తరం వచ్చినట్టు పెట్టండి."

"ఉత్తరం రాలేదండీ," అంది సరోజన.

ఏడాది తర్వాత ఇంకొకరు వేశారు. కొన్ని బడులు పుస్తకాన్ని తిప్పి పంపాయి. మొదటి ప్రతి అందుకున్న సౌమ్య మాత్రం కార్డు రాసింది: "ఏడుపు ఎక్కువ పెట్టలేదు. మంచిగ చేసిండ్రు."

రాధమ్మకు చదువు రాదు. ఆమెకు చదివి వినిపించడానికి ఇద్దరం సిరిసిల్ల వెళ్ళాం. బీడీలు చుడుతూనే వింటున్న మనిషి, తండ్రి ఊరు విడిచే చోటికి రాగానే చేతులు ఆపింది.

"గీడ తప్పు రాసినవ్ బిడ్డా."

"ఏందమ్మా?"

"నిద్రల ఉన్న పిల్లను ముద్దు పెట్టుకొని, ఆయనే సంచి తీస్కొని పోయిండని రాసినవ్. గట్ల గాదు. ఆయనకు పోబుద్ధి కాలె. ఊకె కూసుంటె ఇల్లెట్ల ఎల్లాలె అని నేనే సంచి తెచ్చి బయట పెట్టిన."

సరోజన విసురుగా లేచి బయటికి వెళ్ళింది. వాడ చివరిదాకా నడిచి, ఎండకు ఎర్రబడ్డ ముఖంతో తిరిగొచ్చింది. బీడీల చాట పక్కకు జరిపి తల్లి ఎదుట చతికిలబడింది.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడుగలె. సూరత్ దాంక పోయి అందర్ని అడిగినవ్, నన్ను అడుగలె."

ఆ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సరోజన ఆ చోటు నుంచి కదలలేదు. ఆమెను అంతసేపు కూర్చుని ఉండగా చూడటం నాకదే మొదలు.

రెండో ముద్రణ వచ్చినప్పుడు ఆ పేజీ మారుస్తావా అని అడిగాను. మార్చనంది. "అది పిల్ల చెప్పిన కథ. అమ్మది వేరే ఉన్నది."

ఇప్పుడు ఆ వేరే కథ రాస్తోంది, జగిత్యాలలో ఎనిమిదో అద్దె ఇంట్లో. మొన్న పొద్దున ఫోన్‌లో మొదటి పేరా చదివి వినిపించింది. మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఫోన్ చేసి చించేశానంది. ఫోన్‌లో బస్సు హారన్ వినబడుతోంది. సిరిసిల్ల పోతున్నానని, అమ్మను ఇంకా అడగాల్సింది చాలా ఉందని చెప్పి పెట్టేసింది.